బోరు మోటారుకు నెర్వ్స్ కాపలా: నార్పల చీనీ తోటలో ప్రాజెక్టు డైరీ

అనంతపురం జిల్లా నార్పల దగ్గర మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు, 620 అడుగుల బోరు. రోజుకు 9 గంటలు కరెంటు. ఆటో స్టార్టర్ ఉంది కాబట్టి కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఎండాకాలం ఊట తగ్గితే మోటారు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. పోయినేడు రెండుసార్లు కాలింది. పైపులు పైకి తీయించడం, వైండింగ్ కలిపి ఒక్కోసారి 14 వేలయింది.

నీళ్లు తగ్గితే మోటారు ఆపే డబ్బాలు మార్కెట్లో దొరుకుతాయి. కానీ ఎంత ఆంపియర్‌కు ఆపాలి, మళ్లీ ఎంతసేపటికి మొదలుపెట్టాలి అన్నది మా బోరును చూసి నిర్ణయించాలి. అందుకే సొంతంగా కట్టాను. ప్రోగ్రామింగ్ భాష ఎలిక్సిర్, దాన్ని చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిపే సాఫ్ట్‌వేర్ నెర్వ్స్. మీరూ కట్టుకోవాలనుకుంటే నేను ఎక్కడెక్కడ ఆగిపోయానో చూసుకుని కట్టుకోండి.

ముందే ఒక మాట. స్టార్టర్ లోపల 415 వోల్టులు ఉంటాయి. ఆ పెట్టెలో ప్రతి పనీ మెయిన్ ఫ్యూజులు తీసేసి మా ఊరి ఎలక్ట్రీషియన్ అన్న చేతే చేయించాను. మీరూ అలాగే చేయండి.

1వ దశ: బోర్డు లేవడం (జనవరి మొదటి వారం)

బోర్డు రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ. నెర్వ్స్ లినక్స్ కెర్నల్‌ను లేపి నేరుగా ఎలిక్సిర్ ప్రోగ్రాములను నడిపే ఎర్లాంగ్ వర్చువల్ మెషీన్‌కు అప్పగిస్తుంది. మధ్యలో డెస్క్‌టాప్, ఇన్‌స్టాలర్ లాంటివి ఏవీ ఉండవు. సిస్టమ్ ఉన్న భాగం రీడ్-ఓన్లీ, మన డేటాకు వేరే పార్టిషన్. రోజూ సాయంత్రం చెప్పాపెట్టకుండా కరెంటు పోయే మోటారు గదిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన గుణం ఇదే. మామూలు లినక్స్ పెట్టిన పాత రాస్ప్‌బెర్రీ పై ఒకటి ఇదే గదిలో నెల తిరక్కుండానే ఎస్‌డీ కార్డు పాడైపోయి ఆగిపోయింది.

రెండు తప్పులకు రెండు సాయంత్రాలు పోయాయి.

1. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎర్లాంగ్ వెర్షన్ ఓటీపీ 26. నెర్వ్స్ సిస్టమ్ ఇమేజ్ 28తో కట్టినది. మేజర్ వెర్షన్ రెండుచోట్లా ఒకటే కాకపోతే ఫర్మ్‌వేర్ (బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ మొత్తం) తయారవదు. ఉబుంటు ప్యాకేజీల్లో వచ్చిన ఎర్లాంగ్ తీసేసి, వెర్షన్ మేనేజర్‌తో ఓటీపీ 28, ఎలిక్సిర్ 1.19 వేసుకున్నాను.
2. టార్గెట్ పేరు, అంటే ఏ బోర్డు కోసం కడుతున్నామో చెప్పే పేరు. బోర్డు పేరులో జీరో ఉందని ఆర్‌పీఐ0 ఇచ్చాను. లైటు కూడా వెలగలేదు. పేరు జీరో అయినా జీరో 2 డబ్ల్యూలో ఉన్న చిప్ పై 3 కుటుంబానిది. టార్గెట్ ఆర్‌పీఐ3ఏ అని మార్చగానే లేచింది.

యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపితే నెర్వ్స్ డాట్ లోకల్ పేరుతో దొరుకుతుంది. బోర్డు మీద యూఎస్‌బీ పోర్టులు రెండు. పవర్ అని రాసిన దాంట్లో డేటా రాదు, రెండోదాంట్లోనే పెట్టాలి. కరెంటు ఇచ్చినప్పటి నుంచి నా ప్రోగ్రాం మొదలయ్యేదాకా 14 సెకన్లు, ఫర్మ్‌వేర్ సైజు 38 ఎంబీ.

ఖర్చు: బోర్డు 1,850 + కార్డు 450 + 5 వోల్టుల పవర్ సప్లై 340. మొత్తం: రూ. 2,640, 7 గంటలు.

2వ దశ: ఆంపియర్లు కొలవడం

మోటారు నీళ్లు తోడుతున్నప్పుడు క్లాంప్ మీటర్‌లో 8.2 ఆంపియర్లు. నీళ్లు అయిపోయి గాలి పీలుస్తున్నప్పుడు 4.8 నుంచి 5.1. తేడా బాగానే ఉంది, దాన్ని బోర్డు నమ్మకంగా చదవాలి.

రాస్ప్‌బెర్రీ పైలో అనలాగ్ ఇన్‌పుట్ లేదు, వోల్టేజీని నేరుగా కొలవలేదు. అందుకని వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 అనే చిన్న మాడ్యూల్ పెట్టాను. కరెంటు వైరు చుట్టూ తగిలించే క్లాంప్ సెన్సర్ ఎస్‌సీటీ-013-030. 30 ఆంపియర్లకు 1 వోల్టు ఏసీ ఇస్తుంది. మాడ్యూల్ మైనస్ వోల్టేజీ చదవలేదు కాబట్టి రెండు 10కే రెసిస్టర్లతో మధ్య బిందువును 1.65 వోల్టులకు ఎత్తాలి.

మొదటి రోజు వరసగా వచ్చిన అంకెలు 6.1, 9.4, 7.0, 8.8. మోటారు మాత్రం ఒకేలా తిరుగుతోంది. సెన్సర్ మార్చాను, వైర్లు మార్చాను, మార్పేమీ లేదు. తప్పు రెండు సెట్టింగుల్లో దొరికింది.

1. ఈ మాడ్యూల్ దానంతట అది సెకనుకు 128 సార్లే చదువుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ఒక్కో అలకు రెండున్నర కొలతలు. నేను తీసుకున్నది 20 కొలతలే. అల ఎక్కడ తగిలితే అదే అంకె వచ్చింది. రేటును గరిష్ఠం 860కి పెంచి 172 కొలతలు తీసుకున్నాను. అది 200 మిల్లీసెకన్లు, సరిగ్గా 10 అలలు.
2. దానంతట అది పెట్టుకునే పరిధి 2.048 వోల్టులు. 8.2 ఆంపియర్లకు అల శిఖరం 1.65 + 0.39, అంటే 2.04. సరిగ్గా అంచున నిలబడింది. కరెంటు కొంచెం పెరిగితే శిఖరం తెగిపోతుంది. పరిధిని 4.096కి మార్చాను.

తర్వాత 8.1 నుంచి 8.3 మధ్య నిలబడింది. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే ఎక్కువ కరెంటుకు మాడ్యూల్ దెబ్బతినకుండా ఇన్‌పుట్‌లో 1కే రెసిస్టర్ సిరీస్‌గా వేశాను. స్టార్ట్ అయిన మొదటి 6 సెకన్ల కొలతలు లెక్కలోకి తీసుకోను.

ఖర్చు: మాడ్యూల్ 260 + సెన్సర్ 480 + చిల్లర సామాన్లు 180. ఇప్పటిదాకా మొత్తం: రూ. 3,560, 18 గంటలు.

3వ దశ: మోటారు ఆపడం

నా మొదటి ఆలోచన స్టాప్ బటన్ దారిలో రిలే మాడ్యూల్ (బోర్డు తిప్పగల స్విచ్) పెట్టడం. ఎలక్ట్రీషియన్ అన్న రిలేను చేతిలోకి తీసుకుని, దాని మీద రాసింది చదివి, "ఇది 250 వోల్టులదప్పా. మన స్టార్టర్ కాయిల్ 415. ఇది పెడితే లోపల అతుక్కుపోతుంది, ఆపమన్నా ఆపదు" అన్నాడు. ఆయన ఆ మాట అనకపోతే నేను పెట్టేసేవాణ్ణి. మధ్యలో 415 వోల్టులకు తగ్గ చిన్న కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే గట్టి స్విచ్) వేశాం. రిలే ఆ కాంటాక్టర్‌కు 230 ఇస్తుంది, కాంటాక్టర్ స్టార్టర్ కాయిల్ దారిని తెంపుతుంది.

వైరింగ్ ఎటు తిప్పాలన్నది ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నాం. బోర్డు చచ్చిపోతే మోటారు ఆగాలా, తిరగాలా? నాకు ఆగడమే క్షేమం అనిపించింది. నాయన ఒప్పుకోలేదు. "ఉండేదే తొమ్మిది గంటల కరెంటు. నీ డబ్బా నిద్రపోతే చెట్లకు నీళ్లెట్లరా?" అన్నాడు. ఆయన మాటే నిజం. కాయ మీద ఉన్న చీనీ చెట్టుకు మే నెలలో నాలుగు రోజులు తడి తప్పితే కాయ రాలిపోతుంది. అందుకని రిలేకు కరెంటు అందితేనే మోటారు ఆగుతుంది. బోర్డు లేకపోతే అంతా పాతపద్ధతే.

మొదటిసారి కలిపి చూసినప్పుడు బోర్డు లేచిన ప్రతిసారీ రిలే టక్‌మని మోటారు ఆగిపోయింది. మాడ్యూల్ పిన్ సున్నా అయితే ఆన్ అయ్యే రకం. బోర్డు పిన్నులను (జీపీఐఓ) నడిపే సర్క్యూట్స్ జీపీఐఓ లైబ్రరీలో ఔట్‌పుట్ పిన్ తెరిచేటప్పుడు మొదటి విలువ ఇవ్వకపోతే సున్నా తీసుకుంటుంది. ఇనీషియల్ వాల్యూ 1 అని ఒక్క మాట చేర్చాను. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. పైలో జీపీఐఓ 0 నుంచి 8 వరకు పిన్నులు బోర్డు లేచేటప్పుడు పైకి లాగి ఉంటాయి, 9 నుంచి 27 వరకు కిందికి. నేను వాడింది 17. దాన్ని 5కి మార్చాను.

వైఫై ఇంకో చిక్కు. స్టార్టర్ ఇనుప పెట్టెలో బోర్డు పెడితే సిగ్నల్ మైనస్ 84 డీబీఎం, అంటే బాగా బలహీనం. ఇల్లు 70 మీటర్ల దూరమే, మధ్యలో అడ్డం ఏమీ లేదు. బోర్డును బయట ప్లాస్టిక్ పెట్టెలోకి మార్చగానే మైనస్ 67కి వచ్చింది.

ఖర్చు: రిలే 110 + కాంటాక్టర్ 650 + పెట్టె 420. మొత్తం: రూ. 4,740, 27 గంటలు.

4వ దశ: కాపలా లేకుండా నడిచిన మూడు గంటలు

జనవరి 19. ఉదయం 10 గంటలకు ఫోన్‌లో చూస్తే కొలతలు 7 గంటల దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. బోర్డు వెలుగుతోంది, ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) లోపలికి వెళ్లగలుగుతున్నాను, నా అప్లికేషన్ మాత్రం లేదు. మోటారు మూడు గంటలుగా కాపలా లేకుండా తిరుగుతోంది. ఆ రోజు ఊట ఉంది కాబట్టి బతికింది.

కారణం జంపర్ వైరు. మోటారు గది అదురుకు మాడ్యూల్ వైరు వదులైంది. చదవబోతే ఎర్రర్ వచ్చింది. నేను కోడ్‌లో ఓకే మాత్రమే వస్తుందని రాశాను కాబట్టి ఆ ప్రాసెస్ పడిపోయింది.

ఎర్లాంగ్‌ను 1986లో ఎరిక్‌సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం మొదలుపెట్టారు. ఒక కాల్ చెడితే ఆ ఒక్క ప్రాసెస్ పడిపోవాలి, పైనున్న సూపర్‌వైజర్ దాన్ని మళ్లీ లేపాలి, మిగతా కాల్స్ సాగుతూనే ఉండాలి. ఎలిక్సిర్ నడిచేది అదే మెషీన్ మీద కాబట్టి ఆ పద్ధతి దానికీ వచ్చింది. పడితే పడనీ, సూపర్‌వైజర్ చూసుకుంటుందిలే అని నేనూ రాశాను. కానీ ఊడిన వైరు ఎన్నిసార్లు లేపినా అతుక్కోదు. 5 సెకన్లలో 3 సార్ల కన్నా ఎక్కువ పడితే సూపర్‌వైజర్ తానే చేతులెత్తేస్తుంది. మనం మార్చకపోతే ఉండే లెక్క అది. నా సెన్సర్, రిలే, లాగ్ మూడూ ఒకే సూపర్‌వైజర్ కింద ఉన్నాయి. మూడూ కలిసి పోయాయి.

మార్చినవి ఇవి:

1. జంపర్లు తీసేసి అన్నీ సోల్డర్ చేశాను.
2. సెన్సర్‌కు ఒక సూపర్‌వైజర్, రిలేకు ఒకటి, లాగ్‌కు ఒకటి.
3. ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే ఐ టూ సీ (బోర్డు, మాడ్యూల్ మాట్లాడుకునే లైను) తెరవడం మానేశాను. మొదలయ్యాక ప్రయత్నిస్తుంది. దొరక్కపోతే 5 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది.
4. కొలతకు మూడో విలువ పెట్టాను: "తెలియదు". నీళ్లున్నాయి, నీళ్లు లేవు, తెలియదు. తెలియదు అన్నది నిమిషం దాటితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మోటారు మాత్రం తిరుగుతుంది.

నాలుగోది రాసేటప్పుడే ప్రోగ్రాం మొత్తం రూపం మారింది. నిర్ణయం తీసుకునే భాగాన్ని ఒక్క ఫంక్షన్‌గా విడదీశాను. పాత స్థితి, కొత్త కొలత లోపలికి వెళ్తాయి, కొత్త స్థితి బయటికొస్తుంది. పిన్ను ముట్టుకోదు, గడియారం చూడదు, టైం కూడా బయటి నుంచే ఇస్తాను. దీనివల్ల తోటలో పట్టిన కొలతల ఫైలును ల్యాప్‌టాప్‌లో పెట్టి, మూడు రోజుల మోటారును రెండు సెకన్లలో నడిపించి చూడగలిగాను. ఫంక్షనల్ భాష వల్ల నాకు చేతికందిన లాభం ఇది. ఇంకో సంతోషం, ఎలిక్సిర్ యూనికోడ్ పేర్లను ఒప్పుకుంటుంది. ఆ ఫంక్షన్ పేరు "నిర్ణయం" అని తెలుగు అక్షరాల్లోనే పెట్టాను.

ఫైలు మీద ఆడించి నిలబెట్టిన అంకెలు: 6.2 ఆంపియర్ల కన్నా తక్కువ 10 సెకన్లు ఉంటే ఆపు. ఊటకు 20 నిమిషాలు ఆగితే మోటారు 6 నిమిషాలే పోసింది. 40 ఆగితే 19 నిమిషాలు, 60 ఆగితే 21. నలభై పెట్టాను.

అదే వారం ఒక ఫేజ్ పోయింది. నాయన శబ్దం విని పరిగెత్తి ఆపాడు. నా బోర్డు ఏమీ అనలేదు, ఎందుకంటే సెన్సర్ ఉన్న ఫేజ్‌లో కరెంటు పెరిగింది, తగ్గలేదు. మిగతా రెండు ఫేజులకూ సెన్సర్లు వేశాను. మాడ్యూల్‌లో నాలుగు ఇన్‌పుట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఏ ఫేజ్ అయినా సగటుకు 25 శాతం పైన తేడా 4 సెకన్లు ఉంటే ఆపుతుంది.

ఖర్చు: సెన్సర్లు 960. మొత్తం: రూ. 5,700, 39 గంటలు.

5వ దశ: ఫిబ్రవరి 1

ఉదయం ఏడున్నరకు నాయన ఫోన్. "కరెంటు వచ్చి అరగంటాయ. స్టార్ట్ బటన్ నొక్కినా మోటారు లేస్తా లేదు. నీ డబ్బాలో ఎర్రదీపం కూడా లేదు." నేను అనంతపురంలో ఉన్నాను. లాగ్ చూస్తే ఆపడానికి కారణం "ఊటకు ఆగుతోంది" అని ఉంది. నిన్న సాయంత్రం కరెంటు పోయే ముందు ఆపింది, 40 నిమిషాలకు వదలాలి. అంతలో కరెంటు పోయింది. రాత్రంతా గడిచిపోయింది. ఇంకా ఆగుతూనే ఉంది.

పొద్దున్నుంచి బోర్డుతోనే కూర్చున్నాను. రీస్టార్ట్ చేస్తే అదే మాట. చివరికి ఎలక్ట్రీషియన్ అన్న వెళ్లి కాంటాక్టర్ వైరు విప్పేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ రోజు ఏడు గంటల నీళ్లు పోయాయి.

తప్పు ఒక్క గుర్తులో ఉంది. ఇప్పటి టైం, వదలాల్సిన టైం రెంటినీ మామూలు "కన్నా పెద్ద" గుర్తుతో పోల్చాను. ఎలిక్సిర్‌లో తేదీ, టైం ఒక స్ట్రక్ట్, అంటే పేర్లున్న గదుల కట్ట. దాన్ని ఆ గుర్తుతో పోలిస్తే కాలాన్ని చూడదు. లోపలి గదులను అక్షర క్రమంలో పోల్చుకుంటూ పోతుంది. ఇంగ్లీషు అక్షర క్రమంలో డే ముందు, మంత్ తర్వాత. నిన్న 31, ఈరోజు 1. ఒకటి కన్నా 31 పెద్దది, కాబట్టి ఇంకా టైం కాలేదు అనుకుంది. నెల మారేదాకా నాకు ఈ తప్పు కనిపించలేదు. నేను పరీక్షించింది జనవరి 19 నుంచి 30 వరకు.

ఎలిక్సిర్ 1.17 నుంచి కంపైలర్‌లో టైపుల పరిశీలన మొదలైంది. స్ట్రక్టులను ఇలా పోలిస్తే హెచ్చరిస్తుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన 1.18, 2025 అక్టోబర్‌లో వచ్చిన 1.19 దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. మరి నన్నెందుకు హెచ్చరించలేదు? నేను ఆ టైమును మామూలు మ్యాప్‌లో నుంచి తీశాను. లోపల ఏముందో కంపైలర్‌కు తెలిసే దారి లేదు. ఫంక్షన్ తలలోనే ఇది డేట్‌టైం అని ప్యాటర్న్ రాసి మళ్లీ కంపైల్ చేశాను. అదే లైను కింద హెచ్చరిక వచ్చింది. ఏడు గంటల నీళ్లకు కారణమైన తప్పును ఒక్క ప్యాటర్న్ పట్టిచ్చింది.

మార్చినవి:

1. పోలిక అంతా డేట్‌టైం మాడ్యూల్‌లోని ఆఫ్టర్ ఫంక్షన్‌తోనే.
2. బయటి నుంచి వచ్చే ప్రతి విలువకూ ఫంక్షన్ తలలో స్ట్రక్ట్ ప్యాటర్న్.
3. హెచ్చరిక ఒక్కటున్నా ఫర్మ్‌వేర్ తయారుకాకుండా, హెచ్చరికలను ఎర్రర్లుగా చూసే సెట్టింగ్.
4. పరీక్షల్లో జనవరి 31, ఫిబ్రవరి 28, డిసెంబర్ 31 తేదీలు.
5. కాంటాక్టర్ కాయిల్ దారిలో 60 రూపాయల స్విచ్. నాయన దాన్ని తిప్పితే నా బోర్డు మాట చెల్లదు. ఇది మొదటి రోజే పెట్టాల్సింది. మీరు ఇంకేమీ చేయకపోయినా ఇది మాత్రం పెట్టండి.

ఈ రాస్ప్‌బెర్రీ పైలో బ్యాటరీ గడియారం ఉండదు. రాత్రి కరెంటు పోయి పొద్దున లేస్తే, ఇంటర్నెట్ దొరికేదాకా అది నిన్న ఆగిన టైం దగ్గరి నుంచే లెక్కపెడుతుంది. లాగ్‌లో ఉదయం జరిగినవి నిన్న సాయంత్రం కింద పడ్డాయి. నాణెం బ్యాటరీ ఉన్న డీఎస్3231 మాడ్యూల్ పెట్టి, దానికి తయారుగా ఉన్న నెర్వ్స్ లైబ్రరీ వాడాను.

ఖర్చు: 160 + 60. మొత్తం: రూ. 5,920, 47 గంటలు.

6వ దశ: తొట్టి దగ్గర ఆటమ్‌వీఎం

ఇంటి దగ్గరి నీళ్ల తొట్టి నిండితే మోటారు ఆగాలి. అక్కడ ఇంకో రాస్ప్‌బెర్రీ పై పెట్టడం దండగ. ఈఎస్‌పీ32 అనే చిన్న చిప్ బోర్డు చాలు. దాంట్లో ర్యామ్ 520 కేబీ, లినక్స్ పట్టదు, కాబట్టి నెర్వ్స్ రాదు. ఎర్లాంగ్ మెషీన్‌ను చిన్న చిప్‌ల కోసం కొత్తగా రాసిన ఆటమ్‌వీఎం దాని మీద నడుస్తుంది. అదే భాష, అవే ప్రాసెస్‌లు, అవే మెసేజ్‌లు. ఎలిక్సిర్ లైబ్రరీ మొత్తం మాత్రం రాదు. రాస్ప్‌బెర్రీ పై మీద నడిచిన నా కోడ్ మాడ్యూల్‌ను అలాగే ఎక్కిస్తే ఫలానా ఫంక్షన్ లేదని పడిపోయింది. లిస్టుల పనులు మూడు చేత్తో రాసుకున్నాను.

నీటి మట్టానికి దూరం కొలిచేది జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే శబ్ద తరంగాల సెన్సర్. శబ్దం వెళ్లి తిరిగొచ్చే మైక్రోసెకన్లను ప్రోగ్రాంలో లెక్కపెట్టబోయాను. అంకెలు 10 సెంటీమీటర్ల దాకా ఊగాయి. ఈ పని ఇలాంటి వర్చువల్ మెషీన్ చేయాల్సింది కాదు. నా దగ్గరున్న రకం మాడ్యూల్ మీద 47కే రెసిస్టర్ అతికిస్తే అదే లెక్క కట్టి సీరియల్‌లో పంపుతుంది: మొదటి బైట్ 255, తర్వాత రెండు బైట్లు మిల్లీమీటర్లు, చివరిది సరిచూసుకునే బైట్. ఎలిక్సిర్‌లో ఈ నాలుగింటినీ ఒక్క బైనరీ ప్యాటర్న్‌తో విడదీయొచ్చు.

ఇక్కడా ఒక తప్పు. నాలుగు బైట్లు ఎప్పుడూ కలిసే వస్తాయనుకున్నాను. ఒకసారి మూడు, తర్వాత ఒకటి వస్తే ప్యాటర్న్ కుదరక ప్రాసెస్ పడిపోయింది. మిగిలిన బైట్లను స్థితిలో దాచి, కొత్తవి వెనక కలిపి, 255 కనిపించేదాకా ముందువి వదిలేస్తే నిలబడింది. ఇంకోటి, సెన్సర్‌కు 25 సెంటీమీటర్ల లోపల ఏముందో తెలియదు. తొట్టి అంచుకు సమంగా బిగించాను, నిండే వేళకు అంకెలు పిచ్చిగా వచ్చాయి. పైపు ముక్క నిలబెట్టి 30 సెంటీమీటర్లు ఎత్తాను.

ఈఎస్‌పీ32 రెండు సెకన్లకోసారి నీటి ఎత్తును నెట్‌వర్క్‌లో యూడీపీ మెసేజ్‌గా రాస్ప్‌బెర్రీ పైకి పంపుతుంది. 30 సెకన్లు రాకపోతే తొట్టి కూడా "తెలియదు" కిందికి వెళ్తుంది.

ఖర్చు: 450 + 380 + పెట్టె 270. మొత్తం: రూ. 7,020, 64 గంటలు.

మార్చి 14

ఈ వారం నీళ్లు లేక 9 సార్లు ఆపింది. అందులో మూడింటికి నేను పక్కనే ఉండి క్లాంప్ మీటర్‌తో చూశాను: 5.0, 4.9, 5.0. మార్చి 1న ఉదయం ఆరున్నరకే తోటలో ఉన్నాను. 7:02కు కరెంటు వచ్చింది, 14 సెకన్లకు బోర్డు లేచింది, ముందురోజు సాయంత్రం నాటి గడువు దాటిందని లాగ్‌లో పడింది, మోటారు తిరుగుతూనే ఉంది. నాయన బైపాస్ స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, డ్రిప్ పైపులో నీళ్లు వచ్చాక తీశాడు.

ఇంకా మిగిలింది తొట్టి సెన్సర్ మీద పట్టే చెమ్మ. తెల్లవారుజామున ఆరు నుంచి ఏడు మధ్య రీడింగులు 4 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తున్నాయి. పైపు ముక్కకు పక్కన రెండు బెజ్జాలు వేసి గాలి ఆడేలా చేశాను. రేపటి కొలతలు చూసి రాస్తాను.